కొన్నవారికీ న్యాయం, అమ్మినవారికీ న్యాయం



సీరా జ్ఞానగ్రంథంలో వ్యాపారాన్ని గురించి ఒక పోలిక ఉన్నది. రెండు రాళ్ల సందున మేకు బిగుసుకొని ఉన్నట్లు, అమ్మకానికీ కొనుగోలుకూ నడుమ పాపం ఇరుక్కొని ఉంటుందని ఆ జ్ఞాని భావం (సీరా 27:2). ఒక్క సంగతి గమనించండి. ఆ మేకు అమ్మేవాని వైపు మాత్రమే ఉన్నదని ఆయన అనలేదు. రెండు రాళ్ల మధ్య ఉన్నదన్నాడు. మనం మాత్రం వ్యాపార నీతి అనగానే దొంగ తూకాలు, కల్తీ నూనెలు, అధిక ధరలు తలచుకుంటాం. అవన్నీ మొదటి రాయి పాపాలు. రెండవ రాయి మనమే. సంచి పట్టుకొని, ఈ రోజుల్లో ఫోను పట్టుకొని, కొనడానికి బయలుదేరే మనమే.

ఈ వారం ఆ రెండవ రాయిని గురించి మీతో మాట్లాడదలచాను. అయితే ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే మాట్లాడే అర్హత నాకు ఉండదు.

గత ఆగస్టు నెలలో, జ్ఞానోపదేశం తరగతి జరిగే వరండాలోకి ఒక గోడ గడియారం ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర 640 రూపాయలు. కవరు విప్పి చూస్తే గడియారం అన్నం పళ్లెం కన్నా చిన్నది. వెనుక బల్ల మీద కూర్చున్న పిల్లలకు అందులోని అంకెలు కనబడవు. తప్పు ఎవరిది? కొలత ఎనిమిది అంగుళాలని వాళ్లు స్పష్టంగానే వ్రాశారు. నేను చదవలేదు. తిరిగి పంపుదామని చూస్తే, ఎందుకు పంపుతున్నారో కారణం చెప్పమని ఫోను అడిగింది. పక్కనే ఉన్న యువజన సంఘం కుర్రవాడు, “ఫాదర్, నచ్చలేదని నొక్కితే రవాణా ఖర్చు కోసుకుంటారు. దెబ్బతిని వచ్చిందని నొక్కండి, సొమ్మంతా వచ్చేస్తుంది” అన్నాడు. నొక్కాను. నాలుగు రోజుల్లో 640 రూపాయలు పూర్తిగా బ్యాంకులో పడ్డాయి. మనస్సాక్షి చిన్నమెత్తు కూడా కదలలేదు. ఆ సాయంత్రం మామూలుగానే దివ్యబలిపూజ సమర్పించాను.

జనవరి మొదటి వారంలో మా విచారణకు చెందిన భార్యాభర్తలు ఇద్దరు బంగ్లాకు వచ్చారు. వారు చెప్పినది పాపసంకీర్తనంలో చెప్పినది కాదు. వరండాలో కూర్చొని చెప్పినది. పేర్లు వ్రాయవద్దని మాత్రం కోరారు.

వారు మంగళగిరి నేతగాళ్ల దగ్గర నూలు చీరలు తెచ్చి, ఇంట్లోనే మడతపెట్టి, కవరులో వేసి, ఆన్‌లైన్‌లో అమ్ముకుంటారు. ఇటువంటి చిన్న కుటుంబాలు ఈ మధ్య మన విచారణలన్నిటిలోనూ ఉన్నాయి. నిర్ణీత పరిమితికి లోబడి అమ్మకాలు జరిపే చిన్న వర్తకులు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండానే తమ రాష్ట్రం లోపల ఈ సంస్థల ద్వారా సరుకు అమ్ముకొనే వీలు 2023 అక్టోబరు 1 నుండి కలిగింది. దుకాణానికి అద్దె లేదు, అడ్వాన్సు లేదు. ఒక ఫోను, ఒక బీరువా, ఓపిక ఉంటే చాలు. అంతవరకు బాగానే ఉన్నది.

ఆమె సంచిలోనుండి ఒక చీర తీసి నా బల్ల మీద పెట్టింది. డిసెంబరు మూడవ వారంలో పంపిన చీర అది. డిసెంబరు 28న తిరిగి వచ్చింది. కొన్నామె చూపిన కారణం, “ఫోటోలో ఉన్నట్లు లేదు” అని. కాని చీరకు ఫాల్ కుట్టి ఉన్నది. మడతల దగ్గర పిన్నీసు గుచ్చిన రంధ్రాలున్నాయి. అంచు మీద కొవ్వొత్తి మైనం చుక్క ఎండి ఉన్నది. “ఫాదర్ గారూ, ఇది క్రిస్మస్ రాత్రి పూజకు వెళ్లి వచ్చిన చీరేమోనండీ” అని ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ మైనం ఏ గుడిదో, ఏ పుట్టినరోజు పండుగదో నాకు తెలియదు. కాని ఆ చీరను చూస్తూ కూర్చున్నప్పుడు ఆగస్టులో నేను నొక్కిన ఆ చిన్న బొత్తాము నాకు గుర్తుకు వచ్చింది.

ఆయన కాగితం మీద లెక్క వ్రాసి చూపించాడు. మీరు కూడా ఒకసారి చూడండి. చీర అమ్మకం ధర 1,200 రూపాయలు. నేతగానికి ఇచ్చేది 850. సంస్థకు కమిషను, పంపిణీ ఖర్చు, ప్యాకింగు అన్నీ కలిపి 200. మిగిలేది 150. చీర తిరిగి వస్తే ఆ 150 ఎలాగూ పోతుంది. అది గాక తిరుగు రవాణా కింద 160, వృథా అయిన ప్యాకింగు 20, మొత్తం 180 రూపాయలు చేతినుండి పడుతుంది. అంటే తిరిగి వచ్చిన ఒక చీర, చక్కగా అమ్ముడైన ఇంకొక చీర లాభమంతా మింగి, మీద మరో 30 రూపాయలు అప్పు చూపిస్తుంది. చీర ఇలా పాడై వస్తే 850 కూడా కలిపి 1,030 రూపాయల నష్టం. దాన్ని పూడ్చాలంటే ఏడు చీరలు అమ్మాలి. అంటే ఏడు చీరల చాకిరీ ఒక్క అబద్ధం కిందికి పోయిందన్నమాట.

సంస్థకు ఫిర్యాదు చేశారా అని అడిగాను. చేశారట. కవరు విప్పేటప్పుడు తీసిన వీడియో, మైనం చుక్క ఫోటో కూడా పంపారట. రెండు రోజులకు రెండు పంక్తుల జవాబు వచ్చింది. ఆధారాలు సరిపోవు, ఫిర్యాదు మూసివేయడమైనది అని. క్రింద మనిషి పేరు లేదు. ఏ ఆధారం సరిపోలేదో, ఎందుకు సరిపోలేదో లేదు.

అప్పుడు ఆయన నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. “ఫాదర్, ఈ నష్టం పూడ్చుకోవడానికి ప్రతి చీర మీద 30 రూపాయలు పెంచితే పాపమా? నూలు పోగు తెగిన చీరలు కొన్ని ఉన్నాయి. ఎక్కువగా తిప్పి పంపే ఊళ్లకు వాటిని మంచి చీరల మధ్య కలిపి పంపితే పాపమా? మొన్న మేము ఒక కుక్కరు కొన్నాం. అందరూ చేసినట్లు మేమూ కొన్నాళ్లు వాడుకొని, బాగా లేదని తిప్పి పంపితే పాపమా?” మూడవ ప్రశ్న అడిగేటప్పుడు ఆయన తల వంచుకున్నాడు.

ప్రియ విశ్వాసులారా, ఆ ప్రశ్నలకు ఆ రోజు తొందరపడి జవాబు చెప్పలేదు. పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో వ్రాసుకున్న పాత నోట్సు తీశాను. ఆలోచించాను. ఆ ఆలోచనల సారాంశం మీ ముందు పెడుతున్నాను.

మొదటి విషయం. కొనేవారికి రక్షణ ఉండడం న్యాయమే. దీన్ని మరచిపోయి అమ్మేవారిమీద జాలిపడితే మనం మళ్లీ అన్యాయంలోనే పడతాం. మా చిన్నతనంలో బట్టల కొట్టు బిల్లు మీద “ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు” అని అచ్చువేసి ఉండేది. చినిగిన పంచె అంటగట్టినా నోరెత్తడానికి లేదు. అయినా ఆ రోజుల్లో సరుకును చేతితో తడిమి, వెలుతురులో పెట్టి చూసి కొనేవాళ్లం. ఆన్‌లైన్‌లో అదీ లేదు. ఫోటో చూసి, మాట నమ్మి, ముందే సొమ్ము కట్టాలి. మంచి సరుకేదో చెడ్డదేదో కొనేవారికి తెలియని చోట చెడ్డ సరుకు మంచి సరుకును సంతలోనుండి తరిమివేస్తుందని 1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త పాతకార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకొని నిరూపించారు. ఆ పరిశోధనకే ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాబట్టి నచ్చకపోతే సొమ్ము తిరిగి ఇస్తామనే మాట కొనేవారికి మాత్రమే మేలు చేయదు. నిజాయితీగల అమ్మకందారుకు కూడా మేలు చేస్తుంది. ఆ భరోసా లేకపోతే, ఎన్నడూ చూడని మనిషి దగ్గర, ఎన్నడూ తాకని మంగళగిరి చీరను ఢిల్లీలోని స్త్రీ ఎందుకు కొంటుంది?

మన చట్టం కూడా ఈ దారినే నడిచింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. అదే నెల 23న ఈ-కామర్స్ నియమాలు వెలువడ్డాయి. సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, అమ్మకందారు దాన్ని తిరిగి తీసుకోనని చెప్పడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేయాలి. నెలలోగా పరిష్కరించాలి. మన విచారణలో కుట్టుపని చేసుకొనే ఒక విధవరాలికి తిరగని మిషను మోటారు వచ్చింది. ఈ నియమాల పుణ్యమా అని ఆమె సొమ్ము ఆమెకు తిరిగి చేరింది. ఆమె కన్నీరు తుడిచిన నియమాన్ని మనం తప్పుపట్టరాదు.

రెండవ విషయం. కొనేవారు కూడా న్యాయానికి కట్టుబడినవారే. పునీత తోమాసు అక్వినాసువారు తమ దైవశాస్త్ర సంగ్రహంలో కొనడం, అమ్మడంలోని మోసాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని కేటాయించారు. సరుకులోని లోపం దాచిపెట్టిన అమ్మకందారు నష్టం పూడ్చాలని అందులో నేర్పారు. అయితే అక్కడితో ఆగలేదు. అమ్మేవాడు తెలియక బంగారాన్ని ఇత్తడి అనుకొని ఇచ్చివేస్తే, కొన్నవాడు ఆ తేడాను తిరిగి ఇవ్వవలసినవాడేనని కూడా నేర్పారు. త్రాసుకు రెండు పళ్లాలున్నట్లు న్యాయానికి కూడా రెండు వైపులున్నాయి. సామెతల గ్రంథంలో ఒక కొనుగోలుదారు కనిపిస్తాడు. సరుకు చేతిలో పట్టుకొని బాగాలేదు, బాగాలేదని వంకలు పెడతాడు. ఇంటిదారి పట్టాక తన బేరం గొప్పదని చంకలు కొట్టుకుంటాడు (సామెతలు 20:14). ఈ రోజు ఆ మనిషి చేతికి ఫోను వచ్చింది. వేషం మారింది గాని గుణం మారలేదు.

వాడుకొన్న చీరను వాడనిదని తిరిగి పంపడం ఏ ఆజ్ఞ క్రిందికి వస్తుంది? రెండు ఆజ్ఞల క్రిందికి వస్తుంది. అది పరుల సొత్తు తీసుకోవడం, కాబట్టి ఏడవ ఆజ్ఞ. అది మరొకని మీద అబద్ధ సాక్ష్యం, కాబట్టి ఎనిమిదవ ఆజ్ఞ. “బొత్తామే కదా నొక్కాం, నోటితో ఏమీ అనలేదు కదా” అనుకోవద్దు. ఫోనులో ఎంచుకొనే కారణం కూడా సాక్ష్యమే. దెబ్బతిని వచ్చిందని మీరు నొక్కితే, ఎక్కడో ఒక ఇంట్లో ఒక మనిషి చెడ్డ సరుకు పంపినవాడని మీరు సాక్ష్యం చెప్పినట్లే. ఆ సాక్ష్యాలు లెక్కకు చేరతాయి. లెక్క పెరిగితే అతని సరుకు వెనుక పేజీలకు పోతుంది, లేదా అతని ఖాతాయే మూతపడుతుంది.

“ఎవరికి నష్టం ఫాదర్? అంత పెద్ద కంపెనీకి 500 రూపాయలు ఒక లెక్కా?” అని కొందరు అంటారు. కంపెనీదైనా దొంగతనం దొంగతనమే. కాని ఇక్కడ అసలు సంగతి వేరు. మీరు తిప్పి పంపిన సరుకు ఖర్చు తరచుగా ఆ పెద్ద కంపెనీ మీద పడదు. కంపెనీ దాన్ని అమ్మకందారు ఖాతాలోనుండి మినహాయించుకుంటుంది. అమ్మకందారు చివరకు ధర పెంచుతాడు. ఆ పెంచిన 30 రూపాయలను కట్టేది ఎవరు? ఎన్నడూ అబద్ధం ఆడకుండా కొనుక్కొనే మీ పక్కింటామె. అంటే మనం కంపెనీని మోసం చేశామనుకొని పక్కింటామె కొంగులో డబ్బులు తీసుకున్నాం.

మూడవ విషయం. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య ఒక తీర్పరి ఉన్నాడు. మన ఊరి సంతలో ఆశీలు వసూలు చేసే పాటదారు ఉంటాడు. బేరంలో తగవు వస్తే అతడు కల్పించుకోడు. తన ఆశీలు తాను తీసుకొని పోతాడు. ఆన్‌లైన్ సంతలో అలా కాదు. ఆశీలు వసూలు చేసేవాడే తగవు తీరుస్తాడు. సొమ్ము కూడా అతని దగ్గరే ఉంటుంది. పైగా ఆ తీర్పులో అతనికి స్వంత లాభం ఉన్నది. కొనేవారు సంతోషిస్తే సంత పెరుగుతుంది. అమ్మేవాడు ఒకడు పోతే పదిమంది వస్తారు. కాబట్టి అనుమానం వచ్చినప్పుడల్లా త్రాసు కొనేవారి వైపే మొగ్గుతుంది.

పరిశుద్ధ గ్రంథం ఇక్కడ చాలా సూక్ష్మంగా మాట్లాడుతుంది. తీర్పు చెప్పేటప్పుడు గొప్పవాని ముఖం చూడరాదని మనందరికీ తెలుసు. పేదవాడని కూడా పక్షపాతం చూపరాదని లేవీయకాండం చెబుతున్నది (లేవీయ 19:15, నిర్గమ 23:3). పేదలను ఎంతో ప్రేమించే దేవుడే ఈ మాట ఎందుకు చెప్పాడు? కనికరం చూపే చోటు వేరు, తీర్పు చెప్పే చోటు వేరు కనుక. కొనేవారు బలహీనులు కాబట్టి వారికి రక్షణ కల్పించండి, మంచిదే. అయితే ఒక తగవులో ఎవరు నిజం చెబుతున్నారో విచారించకుండానే ఒకరి పక్షం తీర్పు ఇస్తే, దాన్ని రక్షణ అనడానికి వీల్లేదు. ప్రభు యేసును పట్టించాలని పరిసయ్యులు ఆలోచించినప్పుడు నికోదేము లేచి అడిగిన ప్రశ్న ఇదే: మనిషి చెప్పేది వినకుండా, అతడు చేసినది తెలుసుకోకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని (యోహాను 7:51). రెండు పంక్తుల జవాబుతో మూసివేసిన ఆ ఫిర్యాదును చూసినప్పుడు నాకు నికోదేము గుర్తుకు వచ్చాడు.

ఈ సమస్య కొత్తది కాదు. 1995లో అమెరికాలో మొదలైన ఈబే అనే ఆన్‌లైన్ సంతలో తొలి రోజుల్లో కొనేవారు అమ్మేవారిని, అమ్మేవారు కొనేవారిని మంచివారనో చెడ్డవారనో అందరికీ కనబడేలా వ్రాయడానికి వీలుండేది. 2008లో ఆ సంస్థ నియమం మార్చింది. ఆనాటినుండి అమ్మేవారు కొనేవారిని గురించి చెడుగా వ్రాయడానికి వీల్లేదు. ఎందుకంటే, కొందరు అమ్మకందారులు తమను తప్పుపట్టిన కొనుగోలుదారుమీద పగ సాధింపుగా చెడు వ్రాసేవారు. దానికి భయపడి నిజమైన బాధితులు నోరు మెదిపేవారు కాదు. సంస్థ చెప్పిన కారణంలో నిజం ఉన్నది. అమ్మకందారులకు కలిగిన బాధలో కూడా నిజం ఉన్నది. కొందరి దుర్మార్గం వలన నిజాయితీపరులైన అమ్మకందారుల నోరు కూడా మూతపడింది. ఒక పక్క అన్యాయాన్ని మాన్పబోయి మరొక పక్క గాయం చేయడం ఎంత సులభమో దీనివలన గ్రహింపవచ్చు.

“నియమాలకు ఒప్పుకొనే కదా చేరారు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చు” అనే వాదన ఒకటి ఉన్నది. శ్రీసభ ఈ వాదనను ఏనాడో పరిశీలించింది. 1891లో 13వ లియో పోపుగారు తమ విశ్వలేఖలో, కూలివాడు ఒప్పుకున్నాడు కదా అన్నంత మాత్రాన కూలి న్యాయమైపోదని బోధించారు. 1967లో 6వ పౌలు పోపుగారు దీన్నే దేశాల మధ్య వ్యాపారానికి వర్తింపజేశారు. ఇరుపక్షాల బలం మరీ అసమానంగా ఉన్నప్పుడు, ఇద్దరూ ఒప్పుకున్నారనే మాట ఒక్కటే న్యాయానికి సరిపోదన్నారు. 2025 మేలో ఎన్నికైన 14వ లియో పోపుగారు ఆ పేరు ఎందుకు ఎంచుకున్నారో చెబుతూ, 13వ లియోవారు తమ కాలపు పారిశ్రామిక విప్లవాన్ని ఎదుర్కొన్నట్లే నేడు మరొక విప్లవం, కృత్రిమ మేధ, మన ముందు ఉన్నాయని గుర్తు చేశారు. చీరలమ్ముకొనే దంపతులకు, వేల కోట్ల సంస్థకు మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఈ బోధనల వెలుతురులో చూడాలి.

ప్రభుత్వాలు కూడా కొంత మేలుకున్నాయి. మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో వెలువరించిన అధ్యయనంలో, ఆన్‌లైన్ సంస్థలకూ అమ్మకందారులకూ మధ్య బేరశక్తిలోని అసమానతను, ఒప్పందంలోని షరతులను సంస్థలు ఏకపక్షంగా మార్చడాన్ని ప్రస్తావించింది. ఐరోపా సమాఖ్యలో 2020 జూలై 12 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఒక అమ్మకందారు ఖాతాను ఆపివేస్తే కారణం వ్రాతపూర్వకంగా తెలపాలి. పెద్ద సంస్థలు ఉచితంగా ఫిర్యాదు వినే ఏర్పాటు కూడా చేయాలి. మన 2020 నియమాలలో అమ్మకందారులతో ఒప్పందపు షరతులు తెలియజేయాలని ఉన్నది గాని, వాటి బలమంతా కొనేవారి వైపే ఉన్నది. వ్యాపారం కోసం సేవలు పొందేవారు సాధారణంగా ఆ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. కేవలం జీవనోపాధికి స్వయంగా పని చేసుకొనేవారికి మాత్రం ఒక మినహాయింపు ఉన్నది. న్యాయమైన పద్ధతికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. ఇరువురి మాట వినాలి. కారణం చెప్పాలి. పునర్విచారణకు మనిషిని నియమించాలి. తప్పు ఎవరిదో ఖర్చు వారే భరించాలి. ఇది అడగడం అమ్మకందారుల హక్కు. అడిగేవారికి తోడు నిలవడం మన ధర్మం.

నాల్గవ విషయం. ఇక ఆ సోదరుని మూడు ప్రశ్నలకు నేను ఇచ్చిన జవాబు. అమ్మకాలు సాగించే ప్రతి కుటుంబానికీ అవే జవాబులు.

ధర 30 రూపాయలు పెంచడం పాపం కాదు. ధర అందరికీ కనబడుతూనే ఉన్నది. అక్కరలేనివారు కొనకుండా ఉండవచ్చు. వ్యాపారంలోని నిజమైన ఖర్చును ధరలో కలుపుకోవడం మోసం కాదు. అయితే జరిగిన నష్టం మేరకే పెంచాలి. దాన్ని సాకు చేసుకోరాదు. పోగు తెగిన చీరను మంచి చీరగా పంపడం పాపమే. ఆ ఊరివాళ్లు నిన్ను మోసం చేశారని నీవు చెప్పే మాట, ఆ ఊరిలోని మరొక స్త్రీకి, నిన్ను ఎన్నడూ మోసం చేయని స్త్రీకి, న్యాయమైన జవాబు కాదు. పోగు తెగినదని స్పష్టంగా వ్రాసి, ఫోటో పెట్టి, తక్కువ ధరకు అమ్ము. అందులో పాపం లేదు. పేద ఇంటికి పండుగ కూడా. మూడవ ప్రశ్నకు జవాబు నీకు తెలుసు. తెలుసు కాబట్టే తల వంచుకున్నావు అని చెప్పాను. ఆయన నవ్వాడు. కుక్కరు ఇప్పటికీ వాళ్ల ఇంట్లోనే ఈల వేస్తున్నది.

ఇంకొక మాట కూడా చెప్పాను. దీపాల వెలుగులో తీసిన ఫోటోలో చీర రంగు ఎక్కువగా మెరుస్తుంది. పగటి వెలుగులో తీసిన ఫోటో పెట్టండి. కొలతలు, రంగు తేడా, మగ్గం మీద సహజంగా వచ్చే చిన్న ముడులు ముందే తెలుగులోనో హిందీలోనో వ్రాయండి. తిరిగి వచ్చే సరుకులో కొంత భాగం మన అతిశయోక్తి వలన వచ్చేదే. స్వంతంగా తామే కొనుగోలుదారుల వేషంలో పొగడ్తలు వ్రాసుకొనే అమ్మకందారులు కూడా ఉన్నారు. మన 2020 నియమాలు దాన్ని నిషేధించాయి. ఎనిమిదవ ఆజ్ఞ అంతకు చాలా ముందే నిషేధించింది.

అయిదవ విషయం, చివరిది, నష్టపరిహారం. పరుల సొత్తు తీసుకున్నవారికి పశ్చాత్తాపం ఒక్కటే చాలదు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన రోజున జక్కయ్య చేసిన పని అదే (లూకా 19:8). కన్నీరు కార్చడంతో అతడు ఊరుకోలేదు, లెక్క కట్టాడు. మన శ్రీసభ సత్యోపదేశం కూడా ఏడవ ఆజ్ఞ వివరణలో ఈ బాధ్యతను స్పష్టంగా బోధిస్తున్నది.

తపస్కాలం మొదటి శుక్రవారంనాడు పొరుగు విచారణ గురువుగారి వద్ద నేను పాపసంకీర్తనం చేశాను. ఆయన ఒకటే అడిగారు. “ఆ గడియారం అమ్మిన మనిషి చిరునామా ఉన్నదా?” వెదికితే బిల్లు మీద ఉన్నది. మన రాష్ట్రం కాదు, ఎక్కడో ఉత్తర దేశంలోని చిన్న పట్టణం. ఇంగ్లీషులో చిన్న ఉత్తరం వ్రాశాను. మీ గడియారంలో ఏ లోపమూ లేదు, నేను అబద్ధపు కారణం చూపాను, మీ మీద పడిన రవాణా ఖర్చుకు ఈ 200 రూపాయలు దయచేసి స్వీకరించండి అని. చెక్కు జతపరచి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ ఉత్తరం వ్రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ఆదివారం ప్రసంగాలు అంతకంటే త్వరగా వ్రాస్తాను.

ఆ చెక్కు ఇంతవరకు బ్యాంకుకు రాలేదు. ఆ మనిషికి నా ఉత్తరం పిచ్చిగా తోచిందేమో, చించివేశారేమో. సొమ్ము చెందవలసిన మనిషి దొరకనప్పుడు ఆ సొమ్ము పేదలకు ఇవ్వాలని పునీత తోమాసువారు బోధించారు. చెక్కు గడువు మూడు నెలలు. ఆ గడువు దాటితే ఆ 200 రూపాయలు పునీత విన్సెంట్ దే పౌల్ సభవారి పెట్టెలో వేస్తాను. వరండాలో మాత్రం పెద్ద గడియారం పెట్టాం. ఈసారి ఊళ్లోని కొట్టుకు వెళ్లి, కొలత చూసి కొన్నాను.

ప్రియ కుటుంబ పెద్దలారా, ఈ వారం రాత్రి జపమాల అయిన తరువాత మీ పిల్లలతో కలిసి ఈ ప్రశ్నలు ఆలోచించండి. ఈ సంవత్సరం మా ఇంటినుండి తిరిగి పంపిన సరుకులు ఏవి? ప్రతి ఒక్కదానికి మేము చూపిన కారణం నిజమేనా? కట్టుకొని, వాడుకొని పంపినది ఏదైనా ఉన్నదా? ఇంటి గడప దాకా తెచ్చిన కుర్రవానికి, మనసు మారిందని సరుకు వాపసు ఇచ్చి పంపామా? కొలత, రంగు చదవకుండా ఆర్డరు పెట్టి, మన అజాగ్రత్తకు ఇతరుల చేత మూల్యం కట్టించామా? లోపమున్న సరుకు వచ్చినప్పుడు మన హక్కు మనం అడగాలి, భయపడవద్దు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది. అయితే నిజంగా లోపమున్నప్పుడే అడగాలి. పిల్లలు మన మాటల కంటే మన వేళ్లను ఎక్కువగా గమనిస్తారు. ఆ రోజు నా పక్కన కూర్చొని ఏది నొక్కాలో చెప్పిన కుర్రవాడు ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నాడో నేను అడగలేదు. ఏ పెద్దమనిషి దగ్గరో నేర్చుకొని ఉంటాడు. ఆ రోజు నా దగ్గర ఇంకొకసారి నేర్చుకున్నాడు. చెక్కు పంపిన సంగతి అతనికి కూడా చెప్పాను. ఏమీ అనలేదు గాని, పోస్టాఫీసుకు ఆ కవరు తీసుకొని వెళ్లింది అతడే.

వడ్రంగి కొట్టులో తన చేతులతో పని చేసి, సరుకు ఇచ్చి, కూలి పుచ్చుకున్న ప్రభు యేసు మన ఇళ్లలోని కొనుగోళ్లను, అమ్మకాలను దీవించును గాక! మన త్రాసులు, మన మాటలు, మన వేళ్లు ఆయన ఎదుట నిజముగా నిలుచును గాక! చీర నేసిన చేతులను, అమ్మిన చేతులను, కట్టుకొన్న చేతులను ఒకే న్యాయంలో ఆయన కలుపును గాక! ఆమెన్.

మీ సేవలో,
ఒక విచారణ గురువు